ఆ కుర్చీలో ఒక్కసారే

మీ ప్రశ్నలు – జవాబులు

(జవాబులు: వాయుసేనలో హెలికాప్టర్ పైలట్‌గా పనిచేసి రిటైరై, పర్లాకిమిడిలో స్థిరపడిన వింగ్ కమాండర్)

పోయిన సంచికలో వాయుసేన ఆఫీసర్ల రాత పరీక్ష ఏఎఫ్‌క్యాట్, ప్లస్‌టూ పిల్లలు వెళ్ళే సైనిక అకాడమీ ఎన్‌డీఏల గురించి నాలుగు మాటలు రాస్తే ఉత్తరాలు బాగానే వచ్చాయి. అందులో ఎక్కువ భాగం మా సరిహద్దు వైపు నుంచే. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, సునాబెడ, బరంపురం. ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా, టీవీలో హిందీ, తీరా పరీక్ష ఇంగ్లీషులో. ఈ నాలుగింటి మధ్యా పెరిగిన పిల్లల అనుమానాలు పట్నం పిల్లల అనుమానాల్లా ఉండవు. చుట్టూ తిరిగి చాలామంది అడిగింది మాత్రం ఒకటే: పైలట్‌గా పనికొస్తారో లేదో కొలిచే మెషీన్ పరీక్ష సీపీఎస్‌ఎస్ సంగతేమిటి, పోతే మళ్ళీ రాయొచ్చా అని. అందుకే ఈసారి చోటంతా దానికే.

ప్రశ్న: సార్, మాది గుణుపురం. బీటెక్ అయింది. ఏఎఫ్‌క్యాట్ రాసి మైసూరులో ఆఫీసర్ల ఎంపిక బోర్డుకి వెళ్ళాను. అన్నీ గట్టెక్కి రికమెండ్ అయ్యాను. ఆ తర్వాత పెట్టిన సీపీఎస్‌ఎస్ పోయింది. నాన్నగారికి నిజం చెప్పలేక మెడికల్‌లో ఆగిందన్నాను. మా కోచింగ్ సార్ ‘సీడీఎస్ (డిగ్రీవాళ్ళకి యూపీఎస్సీ పెట్టే సైనికాఫీసర్ల పరీక్ష) దారిలో వెళ్తే మళ్ళీ కూర్చోబెడతారు, పాతది చెప్పక్కర్లేదు’ అంటున్నారు. నిజమేనా? రెండోసారికి ఎలా తయారవ్వాలి?

జవాబు: నిజం కాదు బాబూ. సీపీఎస్‌ఎస్ జీవితంలో ఒక్కసారే. ఇది రాకముందు పెట్టిన పాత మెషీన్ పరీక్ష పీఏబీటీ కూడా అంతే. నేను కూర్చున్నది ఆ పాతదానిలో. ఏఎఫ్‌క్యాట్ దారిలో వెళ్ళావా, సీడీఎస్ దారిలోనా, ఎన్‌సీసీ స్పెషల్ ఎంట్రీలోనా అన్నది ఎవరికీ పట్టదు. ఒకసారి కూర్చుని పోయిందంటే వాయుసేన ఫ్లయింగ్ బ్రాంచికి నీ దారి అయిపోయింది. నేవీ పైలట్‌కీ, కోస్ట్ గార్డ్ పైలట్‌కీ పెట్టేది ఈ పరీక్షే. ఆర్మీలో ఆఫీసరై ఆనక ఏవియేషన్‌కి మారదామన్నా ఇదే అడ్డొస్తుంది. ఇంత కటువుగా చెప్పడం నాకూ ఇష్టం లేదు. కానీ ఉత్తరానికి ఉత్తరం అన్నట్టు మెత్తగా రాస్తే నువ్వు ఇంకో రెండేళ్ళు ఆ సార్ దగ్గర ఫీజు కడతావు.

‘పాతది చెప్పక్కర్లేదు’ అన్న సలహా అంతకంటే ప్రమాదం. బోర్డుకి వెళ్ళగానే సొంత వివరాలు రాసే పీఐక్యూ ఫారం ఇస్తారు, నువ్వు నింపే ఉంటావు. ఇంతకు ముందు ఏ బోర్డుకి, ఏ ఎంట్రీకి, ఎప్పుడు వెళ్ళావో, ఏమైందో నీ చేత్తో నువ్వే రాసి సంతకం పెట్టాలి. మైసూరులో ఏమైందో రికార్డు వాళ్ళ దగ్గరే ఉంటుంది. అబద్ధం రాశావని తేలితే అభ్యర్థిత్వం రద్దు. ఇప్పుడు నీకు తెరిచి ఉన్న దారులు కూడా ఆ ఒక్క ఫారంతో మూసుకుంటాయి.

ఆ దారులేమిటో చూద్దాం. నీ ఉత్తరంలో ఒక్క ముక్కలో దాటేసిన విషయం నాకు పెద్దగా కనబడింది: రికమెండ్ అయ్యావు. మొదటి రోజు తెలివిని కొలిచే ఓఐఆర్ అయి, బొమ్మ చూసి కథ చెప్పే పీపీడీటీ అయి, పేరు పిలవక సాయంత్రానికే బ్యాగు సర్దుకుని స్టేషన్‌కి పోయినవాళ్ళు ఎంతమందో నువ్వే చూసుంటావు. నువ్వు వాళ్ళలో లేవు. ఆఫీసర్‌గా పనికొస్తావని ఒక బోర్డు ఒప్పుకుంది. విమానం నడిపే కర్ర, పెడళ్ళు పట్టుకోవడంలో మాత్రం ఆ రోజు నీ కొలత సరిపోలేదు. ఈ రెండూ వేరు వేరు సంగతులు.

ఏఎఫ్‌క్యాట్‌ని ఏడాదికి రెండుసార్లు పెడతారు. వయసు ఉన్నంతవరకు ఎన్నిసార్లు రాసినా అడ్డు లేదు. ఫ్లయింగ్‌కి 24 ఏళ్ళు దాటకూడదు కానీ గ్రౌండ్ డ్యూటీకి 26 దాకా వీలుంది. నీది బీటెక్ కాబట్టి టెక్నికల్ బ్రాంచి చూడు. బోర్డుకి మళ్ళీ వెళ్ళవలసి వస్తుంది, వెళ్ళు. ఫారంలో సీపీఎస్‌ఎస్ సంగతి ఉన్నదున్నట్టు రాయి. ఇంటర్వ్యూ ఆఫీసర్ అడుగుతాడు, పోయిందని చెప్పు. వాళ్ళకి అది కొత్త మాటేమీ కాదు.

విమానంలోనే ఉండాలని పట్టు ఉంటే నేవీలో నేవల్ ఎయిర్ ఆపరేషన్స్ అని ఒక బ్రాంచి ఉంది. పాత పేరు అబ్జర్వర్. విమానం నడిపేది పైలటే. కానీ వెనక కూర్చుని రాడార్, సోనార్, ఆయుధాలు చూసుకుంటూ సముద్రం మీద వేటంతా నడిపించేది అబ్జర్వర్. మద్రాసు పక్క అరక్కోణంలో ఐఎన్‌ఎస్ రాజాలీ నుంచి లేచే పీ-8ఐ విమానాల్లో పని వీళ్ళదే. ఈ పరీక్ష పైలట్ ఎంట్రీకే గాని దీనికి పెట్టరు. వయసు గడువు దగ్గర పడి ఉంటుంది, నోటిఫికేషన్ ఈ వారమే చూసుకో.

పౌర విమానయానం మాటకొస్తే, నీ సీపీఎస్‌ఎస్ ఫలితంతో లైసెన్సులిచ్చే డీజీసీఏకి పని లేదు. ప్లస్‌టూలో ఫిజిక్సు, లెక్కలు ఉండి, డాక్టరు ఫిట్ అని రాసి, 200 గంటలు ఎగిరి, పేపర్లు పాసైతే కమర్షియల్ లైసెన్సు వస్తుంది. మన ఒడిశాలో భువనేశ్వర్‌లోనే ప్రభుత్వ ఏవియేషన్ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. అయితే ఖర్చు మామూలుది కాదు. వంశధార ఒడ్డున ఉన్న పొలం బేరం పెట్టకముందు క్లాస్ 1 మెడికల్ చేయించుకో. ఫీజు కట్టి, సగం గంటలు ఎగిరాక కంటిలోనో చెవిలోనో లోపం బయటపడ్డవాళ్ళని చూశాను. డబ్బు అక్కర్లేని దారి ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ పరీక్ష పెట్టి తీసుకుంటుంది, బీటెక్ చాలు.

ఇక మీ నాన్నగారు. మెడికల్‌లో ఆగిందన్నావు కదా, ఆ మాట వినగానే ఏ తండ్రైనా చేసే పనేమిటి? నిన్ను విశాఖపట్నం తీసుకెళ్ళి ఒక పెద్ద డాక్టరుకి చూపిస్తారు. అక్కడ అన్నీ బాగానే ఉన్నాయంటారు. అప్పుడు మీ నాన్నగారు వాయుసేన మీద కేసు వేస్తానంటారు. అంతదాకా రానివ్వకు, ఈ ఉత్తరం చదివిన రోజే చెప్పెయ్.

ప్రశ్న: నమస్కారమండీ. మాది పర్లాకిమిడే. అమ్మాయి ప్లస్‌టూ సైన్సు చదువుతోంది. ఎన్‌డీఏ రాసి పైలట్ అవుతానంటోంది. ఒక కోచింగ్ వాళ్ళు ‘అచ్చం బోర్డులో ఉన్న మెషీనే మా దగ్గర ఉంది, ఇప్పటి నుంచే ప్రాక్టీసు’ అని చాలా డబ్బు అడుగుతున్నారు. వాళ్ళ అన్నయ్యేమో ఫోన్లో గేములాడితే చాలంటాడు. ఒక్కసారే అవకాశమని విన్నప్పటి నుంచి నాకు భయంగా ఉంది. ఇంట్లో ఏం చేయించాలి?

జవాబు: అమ్మా, మన ఊరివారే కాబట్టి చనువుగా చెబుతున్నాను: ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. సీపీఎస్‌ఎస్ రికమెండ్ అయినవాళ్ళకే పెడతారు. దానికి ముందు యూపీఎస్సీ రాత పరీక్ష ఉంది, లెక్కలకి 300, జనరల్ ఎబిలిటీకి 600 మార్కులు. అది దాటాక బోర్డు. అమ్మాయి ఇప్పుడు కూర్చోవలసింది లెక్కల పుస్తకం ముందు. ఆ డబ్బు మీ దగ్గరే ఉంచండి.

ఆడపిల్ల అన్న సంకోచం మీ ఉత్తరంలో లేదు, సంతోషం. 2021 నవంబరులో మొదటిసారి అమ్మాయిలు ఎన్‌డీఏ రాశారు. ఆ తొలి జట్టులో 17 మంది 2025 మే 30న ఖడక్‌వాస్లాలో పరేడ్ చేసి బయటికొచ్చారు.

అయితే ఇంట్లో చేయదగ్గవి కొన్ని ఉన్నాయి. అందుకు ఖర్చు అట్టముక్క, గుండుసూది, రెండు చీపురుపుల్లలు.

పరీక్షలో ఒక భాగం డయళ్ళు చదవడం. విమానం ముందున్న పరికరాల బొమ్మలు చూపించి, విమానం ఎంత ఎత్తులో, ఎంత వేగంతో, ఏ దిక్కుగా, ఎక్కుతోందా దిగుతోందా, ఎటు ఒరిగింది అని అడుగుతారు. తక్కువ సమయంలో ఎక్కువ ప్రశ్నలు. ఇందులో ఎత్తు చూపే ఆల్టిమీటర్ దగ్గరే పిల్లలు పడతారు. అందులో పొడుగు ముల్లు వందల అడుగులు, పొట్టి ముల్లు వేలు. పొట్టిది 3కీ 4కీ మధ్యన, పొడుగుది 5 మీద ఉంటే 3,500 అడుగులు. ఇది అందరికీ వస్తుంది. పొడుగు ముల్లు 9 మీదికి వచ్చినప్పుడు చూడండి. పొట్టిది దాదాపు 4 మీదే ఉన్నట్టు కనిపిస్తుంది. తొందరలో ఉన్న పిల్ల 4,900 అని కొట్టేస్తుంది. అసలు జవాబు 3,900. పొట్టి ముల్లు 4ని ఇంకా దాటలేదు. అట్టమీద సున్నా నుంచి తొమ్మిది దాకా గుండ్రంగా రాసి, పుల్లలు రెండూ గుండుసూదితో గుచ్చండి. మీరు కూర తరుగుతూ ముళ్ళు తిప్పండి, తను చెప్పాలి. ఎక్కువగా ఆ తొమ్మిది చుట్టూనే తిప్పండి.

రెండోది ఆర్టిఫిషియల్ హొరైజన్. పైన నీలం, కింద గోధుమరంగు, మధ్యలో గీత. ఆ గీతే దిగంతం. దాని ముందు చిన్న విమానం గుర్తు కదలకుండా ఉంటుంది. కదిలేది వెనకున్న గీత. విమానం ఎడమకి ఒరిగితే గీత ఎడమ కొస పైకి లేస్తుంది, కుడి కొస కిందికి వాలుతుంది. గీత కుడికి వాలింది కాబట్టి విమానం కుడికి ఒరిగిందనుకోవడం తొలిరోజు ప్రతివాళ్ళూ చేసేదే. గీతని వదిలేసి గుర్తు రెక్కని చూడమనండి. ఎడమ రెక్క గీతకి దిగువన ఉందా, అయితే ఎడమకే ఒరిగింది. విమానం ముక్కు పైకెత్తితే గీత గుర్తుకన్నా కిందికి పోతుంది, నీలం ఎక్కువ కనిపిస్తుంది. ఇది కూడా అట్టతో చేయొచ్చు. ఒక అట్టకి గుండ్రటి కన్నం కోసి, దాని మీద అడ్డంగా దారం కట్టి రెక్కలనుకోండి. వెనక రెండు రంగులు వేసిన ఇంకో అట్ట తిప్పండి.

దిక్కులు అంకెల్లో చెప్పడం అలవాటు చేయండి. తూర్పు 090, దక్షిణం 180, పడమర 270. ‘మహేంద్రగిరి మన మేడ మీంచి ఏ అంకెలో ఉంది? పాతపట్నం ఏ అంకెలో?’ అని ఫోన్లో దిక్సూచి చూసి మరీ అడగండి. 020 మీద వెళ్తూ ఎడమకి నలభై డిగ్రీలు తిరిగితే 340. ఈ జవాబు ఆలోచించకుండా నోటికి రావాలి.

ఇక చేతులు, కాళ్ళు. నా కాలపు మెషీన్‌లో ముందు ఒక వెలుగు చుక్క ఉండేది. కర్రతో దాన్ని పైకీ కిందికీ, పెడళ్ళతో పక్కలకీ జరుపుతూ నడిమి గడిలో నిలబెట్టాలి. అది నిలవదు, దానంతటది పరుగెడుతూ ఉంటుంది. ఆ హడావిడిలోనే దీపాలు వెలుగుతాయి, చెవిలో మోత వస్తుంది, వాటిని ఎడమచేత్తో ఆపాలి. ఇంకో దానిలో వంకర దారిలో జారుతూ వచ్చే చుక్కలని సరిగ్గా తగిలించాలి. ఇప్పుడు ఇదంతా కంప్యూటర్ తెర మీదికి మారింది కానీ అడిగేది అదే: ఒక పని చేస్తున్న చెయ్యి ఆగకుండా ఇంకో పని వినగలవా?

పెడళ్ళ దగ్గర సైకిల్ తొక్కే మన పిల్లలకి ఒక తికమక వస్తుంది. సైకిల్ హ్యాండిల్‌ని ఎడమచేత్తో ముందుకి తోస్తే బండి కుడికి తిరుగుతుంది. విమానంలో ఎడమ పెడల్ ముందుకి తొక్కితే ముక్కు ఎడమకే పోతుంది. ఒళ్ళు సైకిల్ లెక్కనే నమ్ముకుని ఉంటుంది, కాలు దానికి ఎదురు నేర్చుకోవాలి. ఇది తెలియకుండా వెళితే చూపించిన కాసేపట్లో సర్దుకునేసరికి అసలుది మొదలైపోతుంది.

అన్నయ్య మాటలో సగం నిజం ఉంది. ఫోన్ గేము బొటనవేళ్ళ పని, దానివల్ల ఒరిగేదేమీ లేదు. కంప్యూటర్‌కి తగిలించే జాయ్‌స్టిక్ ఎవరి దగ్గరైనా ఉంటే ఆదివారాలు కాసేపు ఫ్లయిట్ సిమ్యులేటర్ ఆడనివ్వండి. నేర్చుకోవలసింది ఒక్కటే: కొంచెం కదిపి ఆగడం. చుక్క ఎడమకి పోయిందని గట్టిగా కుడికి తోస్తే నడిమి గడి దాటి అవతలికి పోతుంది. మళ్ళీ ఇటు లాగితే ఇటు దాటుతుంది. ఇలా కొట్టుకుంటూ సమయం గడిచిపోయినవాళ్ళే ఎక్కువ. కొద్దిగా కదుపు, ఆగి చూడు, మళ్ళీ కొద్దిగా. హెలికాప్టర్ హోవర్, అంటే గాల్లో ఒకేచోట నిలపడం, నేర్పేటప్పుడు నా ఇన్‌స్ట్రక్టర్ నా మోచేతిని తొడ మీద ఆనించి, మణికట్టు మాత్రమే కదపమనేవాడు.

ఈ పరీక్ష ఎందుకింత పట్టుగా పెడతారో చెబుతాను. 1999 అక్టోబరు తుపానుకి ఎర్సమ వైపు ఊళ్ళ మీద పొట్లాలు దించేటప్పుడు కింద నేలన్నది కనబడలేదు, అంతా నీరే. హెలికాప్టర్‌ని ఒకచోట నిలబెట్టాలి. కుడిచేతిలో ఒక కర్ర, ఎడమచేతిలో ఇంకోటి, కాళ్ళ కింద పెడళ్ళు, చెవిలో ఇంజనీరు మాట, రేడియోలో భువనేశ్వర్. మా రెక్కల గాలికి నీటి మీద అలలు పుట్టి బయటికి పరుగెడతాయి. ముందున్న అలలు దూరంగా పోతుంటే మనమే వెనక్కి జరుగుతున్నట్టు కళ్ళు చెబుతాయి. నమ్మి కర్ర ముందుకి తోశామా, అంతవరకు కదలని హెలికాప్టర్ నిజంగా కదులుతుంది. కింద చేతులు చాచిన మనుషులు ఉంటారు. అప్పుడు నీళ్ళు చూడకుండా పైకి తేలిన కొబ్బరి మొవ్వునో, బడి డాబా అంచునో పట్టుకుని చూపు అక్కడ నిలపాలి, మధ్యమధ్య డయళ్ళకేసి ఒక చూపు వేస్తూ. కన్ను ఒకటి చెబుతుంటే ముల్లు ఇంకోటి చెబితే ముల్లునే నమ్మాలి. ఆ కుర్చీలో కూర్చోబెట్టి వెతికేది ఇలాంటిదాని కోసమే.

అక్కడ వివరించేది ఇంగ్లీషులో, హిందీలో. బ్యాంక్, పిచ్, హెడ్డింగ్, క్లైంబ్, డిసెంట్ లాంటి మాటలు ఇంట్లోనే తెలుగు మధ్యలో వాడేయండి. అర్థం కాకపోతే చేయెత్తి అడగమనండి. మన పిల్లలకి ఇదే పెద్ద జబ్బు, పక్కవాళ్ళు నవ్వుతారని అడగరు. పరీక్ష మొదలయ్యాక అడిగే వీలుండదు. ముందు రోజు రాత్రి రికమెండ్ అయిన సంబరంలో తెల్లవార్లూ కబుర్లు చెప్పుకోకుండా పడుకోవాలి. ఒంట్లో బాగోలేకపోతే కూర్చోకముందే అక్కడి ఆఫీసర్‌కి చెప్పాలి. లేచాక చెప్పే కారణాలు ఎవరూ వినరు.

ప్రశ్న: వింగ్ కమాండర్ గారికి బరంపురం నుంచి ఒక విశ్రాంత తెలుగు మాస్టారు నమస్కరించి వ్రాయునది. మా మనవడు అమెరికాలోనే పుట్టి పెరిగాడు. అక్కడి నౌకాదళంలో పైలట్ కావాలని ఏఎస్‌టీబీ అనే పరీక్ష రాశాడు. మార్కులు చాలలేదట. నెల పోయాక మళ్ళీ రాస్తానంటున్నాడు. పోయిన సంచికలో మీరు ఇలాంటి పరీక్ష ఒక్కసారే అన్నారు. వాడు మూడుసార్లంటాడు. నన్ను మభ్యపెడుతున్నాడా?

జవాబు: మాస్టారూ, మనవడిది అబద్ధం కాదు. నేను రాసింది మన దేశం సంగతి. అమెరికా నేవీ లెక్క వేరు. ఏఎస్‌టీబీని జీవితంలో మూడుసార్లు రాయనిస్తారు. మొదటిదానికీ రెండోదానికీ మధ్య 30 రోజులు, రెండోదానికీ మూడోదానికీ మధ్య 90 రోజులు గడవాలి. ఇక్కడొక మెలిక ఉంది, మనవడికి తప్పక చెప్పండి. గడువు పూర్తికాకుండా తొందరపడి రాస్తే ఆ మార్కులు చెల్లవు, కానీ అవకాశం ఒకటి ఖర్చయినట్టే. రోజులు వేళ్ళ మీద కాకుండా క్యాలెండరు మీద లెక్కపెట్టుకోమనండి. మంచి మార్కులు వస్తే అవి జీవితాంతం చెల్లుతాయి.

ఆ పరీక్షలో లెక్కలు, చదివి అర్థం చేసుకోవడం, కప్పీలు, మీటలు, పీడనం లాంటి యంత్రశాస్త్రం, విమానాలూ ఓడల గురించిన పరిజ్ఞానం వేరు వేరు భాగాలు. సరైన జవాబు చెప్పేకొద్దీ ప్రశ్న కఠినమవుతుంది, వెనక్కి వెళ్ళి దిద్దుకునే వీలు లేదు. వీటిని పుస్తకం పట్టుకుని చదివితే మెరుగవుతాయి. నెల రోజుల్లో ఎక్కువ లాభం వచ్చేది ఇక్కడే. మెషీన్ భాగం వేరే ఉంది. చెవులకి హెడ్‌ఫోన్ పెట్టి రెండు చెవుల్లోనూ అక్షరాలూ అంకెలూ చదివిస్తారు. వినమన్న చెవిలో సరిసంఖ్య వినబడితే ఒక మీట, బేసి అయితే ఇంకోటి. అదే సమయంలో తెర మీద పారిపోయే గుర్తుని కర్రతో, థ్రాటిల్‌తో వెంటాడాలి. ఇంకో దానిలో పటం మీద విమానం ఏ దిక్కుగా పోతోందో చూసి, పక్కనున్న కెమెరా బొమ్మలో ఉత్తరపు పార్కింగ్ ఏదో, దక్షిణపుది ఏదో చటుక్కున చెప్పాలి. పైన పర్లాకిమిడి అమ్మగారికి నేను చెప్పిన అంకెల దిక్కులు ఇక్కడా పనికొస్తాయి. మీరు ఫోన్ చేసినప్పుడల్లా ఒకటి అడగండి: ‘ఒరేయ్, 240 మీద పోతున్నావు, నీ కుడి చెయ్యి ఏ అంకె?’ 330 అనాలి.

అదే దేశంలో ఆర్మీ హెలికాప్టర్ల పరీక్ష సిఫ్ట్ అని ఇంకోటి. దానిలో రెండు అవకాశాలే. 40 వస్తే పాసు. ఒకసారి పాసైతే ఎక్కువ మార్కుల కోసం మళ్ళీ రాయనివ్వరు. మనవడు ఆ వైపు చూస్తే ఇది గుర్తుంచుకోమనండి.

మన దగ్గర ఒక్కసారే ఎందుకని మీకు సందేహం రావచ్చు. పదేపదే కూర్చుంటే వేలు ఆ మెషీన్‌కి అలవాటు పడుతుంది, మనిషి సహజంగా ఎంత తొందరగా నేర్చుకుంటాడన్నది కొలతకి అందదు. వాదం సబబే. అయినా నన్నడిగితే ఏడాది ఎడంతో రెండో అవకాశం ఇవ్వొచ్చంటాను. చిన్నప్పటి నుంచి జాయ్‌స్టిక్‌తో ఆడుకున్న పట్నం పిల్లాడికీ, ఆ కర్రని బోర్డులోనే మొదటిసారి ముట్టుకున్న కాశీనగర్ పిల్లాడికీ ఒకే రోజు కొలత పెడితే అందులో కొంత అలవాటు తేడా కూడా కలుస్తుంది. నిబంధన మారేదాకా మాత్రం మన పిల్లలు ఆ తేడాని ఇంట్లోనే తగ్గించుకుని వెళ్ళాలి.

ప్రశ్న: అంకుల్, మా నాన్న సునాబెడ హెచ్‌ఏఎల్‌లో పనిచేస్తారు. నాకు సీపీఎస్‌ఎస్ భయం లేదు, ఎత్తు భయం. 163 సెంటీమీటర్లు ఉన్నాను. చాలుతుందా?

జవాబు: చాలుతుంది, పైలట్‌కి కనీసం 162.5. కానీ నిలువెత్తు ఒక్కటే చూడరు. కాలి పొడవు 99 నుంచి 120, కూర్చున్న ఎత్తు 81.5 నుంచి 96, తొడ పొడవు 64కి మించకూడదు, అన్నీ సెంటీమీటర్లే. తొడ ఎందుకంటే, ప్రమాదంలో సీటుతో సహా పైకి ఎగిరిపోయేటప్పుడు మోకాళ్ళు ముందున్న చట్రానికి తగలకూడదు. ఇంట్లోనే చూసుకో: గోడకి ఆనుకుని నేల మీద కాళ్ళు బారచాపి కూర్చో, గోడ నుంచి మడమ దాకా నాన్నని టేపు పట్టమను. ఆయనకి మిల్లీమీటరులో వందో వంతు కొలిచే అలవాటు ఉంటుంది, నీ కాలు పెద్ద లెక్క కాదు. 1964లో మిగ్ ఇంజిన్ల కోసం పెట్టిన ఫ్యాక్టరీ అది. ఆ మిగ్-21 2025 సెప్టెంబరులో సెలవు తీసుకుంది. ఇప్పుడు సుఖోయ్-30 ఇంజిన్లు మీ ఊళ్ళోనే తయారవుతాయి. ఇంజిన్ సంగతి నాన్నని అడిగి తెలుసుకుని వెళ్ళు. ఇంటర్వ్యూలో సునాబెడ అనగానే అదే అడుగుతారు, జవాబు రాకపోతే బాగుండదు.

ప్రశ్న: సార్, రాయగడ నుంచి బోర్డుకి రానూపోనూ రైలు ఖర్చు ఇస్తారా?

జవాబు: ఆ రకం ఎంట్రీకి మొదటిసారి వెళ్ళేవాళ్ళకి ఏసీ త్రీటైర్ చార్జీ తిరిగి ఇస్తారు. రెండోసారి వెళ్తే ఇవ్వరు. టికెట్ ప్రింటు తీసి దగ్గర పెట్టుకో, బ్యాంకు పాసుబుక్ మొదటి పేజీ జిరాక్సు కూడా తీసుకెళ్ళు. ఫోన్లో ఉంది సార్ అంటే అక్కడి గుమాస్తా వినిపించుకోడు.